ఆ అరగంట ఎవరిది?

పోయిన వానాకాలంలో ఒక సోమవారం ఓ.పీ. బాగా రద్దీగా ఉంది. మెడనొప్పితో వచ్చిన ఒక సహోదరి బెంచీ మీద కూర్చొని తన వంతు కోసం చూస్తున్నారు. వయసు 34 సంవత్సరాలు. పాశమైలారం వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పని. బీ.పీ. చూద్దామని మేము దగ్గరకు వెళ్ళేసరికి ఆమె ఓ.పీ. చీటీ వెనుక ఏదో గీస్తున్నారు. కిటికీలోంచి కనిపించే వేపచెట్టు అది. కాండం మీది పగుళ్ళు, కొమ్మకు ఎవరో తగిలించిన పాత సైకిల్ టైరు, అన్నీ ఉన్నాయి. మమ్మల్ని చూడగానే చీటీ బోర్లించి లేచి నిలబడ్డారు. "తప్పయింది మేడం, ఉత్తగనే గీసిన" అన్నారు.

చీటీ పాడు చేసినందుకు అంటున్నారేమో అనుకున్నాము. "ఫరవాలేదమ్మా, ఇంకో చీటీ రాసిస్తాము" అన్నాము. ఆమె తల అడ్డంగా ఊపారు. "చీటీకి కాదు మేడం. ఇంటికాడ బట్టలు నానబెట్టి వచ్చిన. పోరడు బడి నుంచి వచ్చే యాళ్ళ అయితున్నది. నేనేమో ఈడ కూసొని చెట్టు గీస్తున్న."

ముప్పై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నాము గనుక రోగులు చెప్పే "తప్పయింది" మాకు బాగా అలవాటే. మాత్రలు మానేసినందుకు, షుగరు ఉండి లడ్డు తిన్నందుకు, కట్టు తడిపినందుకు చెబుతారు. బొమ్మ గీసినందుకు చెప్పినవారు మాత్రం ఈ సహోదరి ఒక్కరే. అయినా ఆ మాట మాకు కొత్తగా వినిపించలేదు. మాకు మేము ఎన్నోసార్లు చెప్పుకున్న మాటే అది.

మేము నర్సింగ్ డిప్లొమా చదివే రోజుల్లో రికార్డు పుస్తకాలలో బొమ్మలన్నీ చేతితోనే వేయాలి. గుండె, మూత్రపిండం, తుంటి ఎముక. ధమనులకు ఎరుపు పెన్సిల్, సిరలకు నీలం పెన్సిల్. రాత్రి హాస్టల్‌లో దీపాలు ఆర్పేదాకా వేసేవాళ్ళము. ఎవరూ ఏమీ అనలేదు, అది చదువు కదా. ఒకరోజు అదే పెన్సిల్‌తో గేటు దగ్గర కునుకుతున్న వాచ్‌మన్ తాతను గీశాము. మా ట్యూటర్‌గారు చూసి, "ఇది ఏ చాప్టర్?" అని అడిగారు. అందరూ నవ్వారు, మేము కూడా నవ్వాము. కానీ ఆ ప్రశ్న మాత్రం మాలో ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు పెన్సిల్ పట్టుకున్నా, ఇది ఏ చాప్టర్ అని లోపల ఎవరో అడుగుతున్నట్టే ఉండేది.

పెళ్ళి, పిల్లలు, నైట్ డ్యూటీలు. చాలా ఏళ్ళ తర్వాత మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట సరిగా వచ్చేది కాదు. డ్యూటీ లేని మధ్యాహ్నాలు ఆమె మంచం పక్కన కూర్చొని మళ్ళీ గీయడం మొదలుపెట్టాము. ఎక్కువగా ఆమె చేతులే. జీవితమంతా జొన్నరొట్టెలు చరిచిన చేతులు అవి. ఒకరోజు ఆ బొమ్మలో పడి గడియారం చూసుకోలేదు. మంచానపడిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని పదిమందికి నేర్పేవాళ్ళము మేము. మూడు గంటలకు తిప్పవలసినది నాలుగు అయింది. తుంటి దగ్గర చర్మం ఎర్రబడి ఉంది. తిప్పి పడుకోబెట్టాక కొంతసేపటికి ఆ ఎరుపు పోయింది, పుండు కాలేదు. అయినా ఆ సాయంత్రమే బొమ్మల పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో వేసి మూత పెట్టేశాము.

ఆ తర్వాత కొన్ని రోజులు అత్తమ్మ ఎడమచేత్తో ఆ పెట్టె వైపు చూపేవారు. దుప్పటి కావాలేమోనని తీసి కప్పేవాళ్ళము. చీర మార్చమంటున్నారేమోనని మార్చేవాళ్ళము. ఆమె విసుగ్గా కళ్ళు మూసుకునేవారు. అదే ఏడాది పోయారు. ఆమె అడిగింది దుప్పటి కాదని మాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. తన చేతులు కాగితం మీదికి వస్తుంటే ఆమె చూస్తూ ఉండేవారని, ఆ మధ్యాహ్నాల కోసం ఎదురుచూసేవారని అప్పుడు అర్థమైంది.

పక్కకు తిప్పడం ఆలస్యమవడం నిజంగా మా పొరపాటే. దాన్ని చిన్నది చేసి చెప్పము. కానీ ఆ పొరపాటుకు సరైన మందు ఒక అలారం గడియారం. మేము పెన్సిల్‌ను శిక్షించాము. మా దగ్గరికి వచ్చేవారిలోనూ, మా సిస్టర్లలోనూ ఇదే చూస్తుంటాము. పాట పాడుతుండగా పాలు పొంగితే, పాలు పొంగినందుకు బాధపడి ఊరుకోరు, పాట మానేస్తారు.

ఈ బాధ ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే మన ప్రాంతం సంగతి కొంత చెప్పుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ 1970ల నుంచి ఫ్యాక్టరీలు రాకముందు ఇవన్నీ పొలాలు, చెరువులు. మన అమ్మలు, అమ్మమ్మలు నాటు వేస్తూ పాడారు, కలుపు తీస్తూ పాడారు, విసురురాయి తిప్పుతూ పాడారు. పాటకని వేరే టైము తీయవలసిన పని వారికి లేదు. పాటతో పాటే పని సాగింది గనుక పాడినందుకు ఎవరూ సిగ్గుపడలేదు. ఇప్పుడు ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. మిషన్ చప్పుడులో మన గొంతు మనకే వినపడదు. ప్యాకింగ్ లైన్ మీద రెండు చేతులూ కంపెనీవే. కాబట్టి పాటకైనా, బొమ్మకైనా, రాతకైనా విడిగా ఒక అరగంట తీయవలసి వస్తోంది. అలా తీసిన అరగంట పక్కనే బట్టల బకెట్టు, పిల్లవాడి హోంవర్కు, ఓవర్‌టైం డబ్బులు వచ్చి నిలబడతాయి. మన అమ్మమ్మలకు ఈ లెక్క ఎదురు కాలేదు. కనుక ఈ బాధ కలిగినంత మాత్రాన మనం ఏదో తప్పు చేస్తున్నామని అర్థం కాదు.

మన జిల్లాలోనే దీనికి ఒక చక్కని ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దానిలోని మహిళా సంఘాల సభ్యులు చాలామంది దళిత కుటుంబాల స్త్రీలు, కూలిపనులు చేసినవారు, చిన్న కమతాల రైతులు. వీరిలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకొని తమ పంటల మీద, తమ బతుకు మీద తామే సినిమాలు తీశారు. మాచ్‌నూర్‌లో తమ రేడియో కేంద్రం పెట్టుకొని, లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టారు. ఆ కేంద్రాన్ని నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. పగలు పొలంలో ఉండేవారు వినగలిగేలా ప్రసారాలు సాయంత్రం పూట పెట్టుకున్నారు. విత్తనాల ముచ్చట్లతో పాటు పాటలు, కథలు కూడా అందులో వచ్చాయి. పొలం పనిలో పాడుకున్న పాటకు ఒక గది, ఒక మైకు, ఒక టైము ఏర్పాటు చేసుకున్నారు. చేతినిండా పని ఉన్నవారే ఈ పని చేశారు. తీరిక దొరికాక చూద్దామని వారు కూర్చొని ఉంటే ఆ రేడియో ఈనాటికీ మోగేది కాదేమో.

చదివే అలవాటు ఉన్న సహోదరీలకు మేము పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ గురించి చెబుతుంటాము. ఆ కథలో ఒక ఇల్లాలు ఇల్లు అలకడంలో, సర్దడంలో ఎంత మునిగిపోతుందంటే ఒకరోజు తన పేరు ఏమిటో తనకే గుర్తుండదు. భర్తనూ అడుగుతుంది, పుట్టింటికీ వెళుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఒకామె పేరు పెట్టి పిలిచి, నువ్వు బాగా పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తు చేస్తుంది. మా నర్సెస్ క్వార్టర్స్‌లో ఆ కథ చదివి వినిపించినప్పుడు మొదట బాగా నవ్వారు. తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఒక సిస్టర్ లేచి స్టవ్ కట్టేయడానికని వెళ్ళి చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

మా వృత్తికి తల్లి అనదగిన ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి కూడా ఒక మాట. దీపం పట్టుకున్న సేవామూర్తిగానే ఆమెను మనం ఎరుగుదుము. క్రిమియా యుద్ధానికి వెళ్ళడానికి రెండేళ్ళ ముందు, 1852లో, ఆమె "కసాండ్రా" అనే ఒక వ్యాసం రాశారు. ఇంట్లో ఆడవాళ్ళ సమయం ఎవరు పడితే వారు పిలిచి వాడుకునే సొమ్ము అయిపోయిందని, ఒక అరగంట కూడా తనది అని చెప్పుకునే వీలు స్త్రీకి లేదని అందులో ఆమె బాధపడ్డారు. ఆమె ధనవంతుల బిడ్డ, ఇంటినిండా పనివాళ్ళు. అయినా ఈ బాధ తప్పలేదు. 1860లో కొద్ది ప్రతులు మాత్రం సొంతానికి అచ్చు వేయించుకున్నారు. అందరికీ దొరికేలా అది పుస్తకంలో వచ్చింది 1928లో, ఆమె చనిపోయిన 18 ఏళ్ళకు. ఆమె 1859లో రాసిన "నోట్స్ ఆన్ నర్సింగ్"ను పాఠంగా చదువుకున్నాము. రోగికి రంగులు, పువ్వులు, కళ్ళకు కొత్త దృశ్యం మందులాగే పనిచేస్తాయని, చేతనైనవారికి కొంచెం కుట్టుపని, కొంచెం రాతపని ఎంతో ఊరట ఇస్తాయని అందులో ఉంది. రోగులకు అక్కరకు వచ్చేది నర్సుకు మాత్రం దండగ ఎలా అవుతుందని మాలో ఎవరమూ అప్పట్లో అడగలేదు.

సంఘంలో కొందరు పెద్దలు వేరొక సందేహం చెబుతారు. చుట్టూ ఇంత లేమి ఉండగా, సేవకే సమయం చాలక ఉండగా, ఇది స్వార్థం కాదా అని. మన మెదక్ కెథడ్రల్‌ను తలచుకుందాము. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. కరువు కాలంలో ఆ కట్టడం పని వల్ల ఎన్నో కుటుంబాలకు బువ్వ దొరికిందని మన పెద్దలు చెప్పగా విన్నాము. అదే గుడిలో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాలు కూడా ఉన్నాయి. ఎండ వాటి మీద పడుతుండగా నిలబడి చూసిన మనలో ఎవరమైనా ఇది దండగ అనుకున్నామా?

ఈ మాట చెప్పినప్పుడు మా సిస్టర్ ఒకరు, "అది అందరి కోసం మేడం, నేను రాసుకునే కవిత నా ఒక్కదాని కోసమే కదా" అన్నారు. మంచి ప్రశ్న. క్రిస్మస్‌కు ముందు క్వైర్ ప్రాక్టీసుకు రోజూ రెండు గంటలు వెళ్ళినా ఈమెకు ఏ బాధా లేదు. అదే మనిషి రాత్రి ఇరవై నిమిషాలు ఒంటరిగా నోటుబుక్కుతో కూర్చుంటే తప్పు చేసినట్టు ఉంటుంది. టీవీలో సీరియల్ చూసినప్పుడు గానీ, సెల్‌ఫోన్‌లో గంట గడిచిపోయినప్పుడు గానీ ఆ బాధ లేదు. అంటే పీడించేది సమయం లెక్క కాదన్నమాట. ఇతరుల కోసమైతే సరే, అలసిపోయి చతికిలబడితే సరే, తెలిసి తెలిసి తన కోసం కూర్చుంటేనే తప్పు. ఆ లెక్క ఎవరు నేర్పారో ఆ సిస్టరే ఆలోచించుకోవాలి. జవాబు మేము చెప్పలేదు. మాకు ట్యూటర్‌గారి ప్రశ్న గుర్తొచ్చింది.

ఆరోగ్య విషయంగా తెలిసిన సంగతులు కొన్ని చెబుతాము. అమెరికాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ అనే పరిశోధకురాలి బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. 39 మంది పెద్దవారిని 45 నిమిషాలు రంగులతో, కాగితంతో, మట్టితో తమకు ఇష్టమైనది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం తీసి పరీక్షిస్తే సుమారు 75 శాతం మందిలో కార్టిజోల్ తగ్గింది. ఒత్తిడికి లోనైనప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ అది. ఇదివరకు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకపోయినా ఫలితంలో పెద్ద తేడా కనిపించలేదు. ఇది చిన్న అధ్యయనం, దీనితోనే అంతా తేలిపోయిందని అనము. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయం 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించిన నివేదికను విడుదల చేసింది. జబ్బులు రాకుండా చూడడంలోనూ, వచ్చిన జబ్బులను తట్టుకోవడంలోనూ కళలు తోడ్పడతాయని అందులో ఉంది. మందులకు బదులు అని మాత్రం ఎక్కడా లేదు. దయచేసి బీ.పీ. మాత్రలు మానేసి హార్మోనియం పట్టుకోకండి.

హార్మోనియం అంటే గుర్తొచ్చింది. సీ షిఫ్టు చేసే ఒక సహోదరుడు ఎసిడిటీతో వచ్చినప్పుడు తన హార్మోనియం అటక మీద ఉందని చెప్పారు. మగవారి బాధ ఎక్కువగా డబ్బు లెక్కలో వస్తుంది. "గా రెండు గంటలు ఓటీ చేస్తే పిల్లల ఫీజుకన్న అయితయి గద మేడం" అన్నారు. ఫీజులు కట్టే నెలలో ఓటీ మానమని మేము చెప్పలేదు, చెప్పము కూడా. ఆ లెక్క నిజమైనది. కానీ సంవత్సరంలో అన్ని నెలలూ ఫీజుల నెలలు కావు. నిద్ర తగ్గించుకొని మాత్రం వాయించవద్దని గట్టిగా చెప్పాము. నైట్ డ్యూటీ చేసిన శరీరానికి మొదట నిద్ర, ఆ తర్వాతే ఏదైనా. వారాంతపు సెలవు రోజు పొద్దున, ఇంట్లో అందరికీ తెలిసేలా, ఒక గంట అన్నాము.

ఇంట్లో తెలిసేలా అనే మాట మీద మాకు పట్టుదల ఉంది. చాటుగా చేసే పని మంచిదైనా దొంగతనంలాగే అనిపిస్తుంది. గ్యాస్ బండ వెనుక నోటుబుక్కు దాచుకునేవారు, అడుగుల చప్పుడు వినగానే పాట ఆపేసేవారు మాకు తెలుసు. దాచినకొద్దీ బాధ పెరుగుతుంది. "ఆదివారం మూడు నుంచి మూడున్నర దాకా నేను గీసుకుంటాను, అంతవరకు స్టవ్ మీద పాలు మీరు చూడండి" అని నోటితో చెప్పాలి. మొదటి వారం ఎవరో ఒకరు నవ్వుతారు. అత్తగారు ఏదో అంటారు. మేము మందు రాసినట్టే చెబుతాము: కొద్ది మోతాదు, అదే టైము, మానకుండా. నెలకోసారి మూడు గంటలు కూర్చోవాలనుకునేవారు ఆ నెల రాక ముందే మానేస్తారు. ఇంట్లో జ్వరంతో బిడ్డ ఉంటే ఆ రోజు మానేయండి, మరుసటి వారం మళ్ళీ కూర్చోండి. పిల్లవాడి పాత లాంగ్‌బుక్కులో మిగిలిన తెల్లకాగితాలు, ఒక పెన్సిల్, ఇవి చాలు. అమ్మకానికి పనికొస్తుందా అని అడిగేవారుంటారు. పనికిరానక్కరలేదు.

ఒక జాగ్రత్త. బొమ్మ విషయంలోనే కాక ప్రతి చిన్నదానికీ తప్పు చేశానని కుమిలిపోవడం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇదివరకు ఇష్టమైనవేవీ ఇష్టంగా లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. అప్పుడు అరగంట బొమ్మ సరిపోదు, డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్యాకింగ్ సెక్షన్ సహోదరి ఆరు వారాలకు రివ్యూకు వచ్చారు. ఆమె మెడనొప్పికి అసలు కారణం రోజంతా తల వంచి డబ్బాలు సర్దడం. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు చేశాక చాలావరకు తగ్గింది. బొమ్మ కూడా నేల మీద పెట్టి వంగి గీస్తే నొప్పి తిరగబెడుతుందని, పరీక్ష అట్టను పీటకు ఆనించి ఏటవాలుగా పెట్టుకోమని ఆయన ముందే చెప్పి పంపారు. "పెట్టుకున్న మేడం. గిప్పుడు మా పోరడు సగం కాగితం నాది అంటడు" అన్నారు. అత్తగారు ఇంకా సణుగుతూనే ఉన్నారట. "సణగనీ, చెవులకు అలవాటయింది" అని నవ్వారు. వెళ్ళేటప్పుడు కిటికీలోంచి వేపచెట్టును చూసి, "టైరు తీసేసిండ్రు గద" అన్నారు.

మేమూ ట్రంకుపెట్టె తెరిచాము. పుస్తకంలో చివరి పేజీలో అత్తమ్మ ఎడమచేయి సగం వరకే ఉంది, వేళ్ళు లేవు. గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక, అలారం పెట్టుకొని, గుర్తున్నంతవరకు ఆ వేళ్ళు వేస్తున్నాము. ఇప్పటికి మూడు అయ్యాయి.